మండేలా అండ్ టాంబో: ఫాక్స్ వీధిలో ఒక వకీలాఫీసు

(స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



మా సీనియర్ గారి పేరిట జరిగే ఈ ఉపన్యాసాల్లో రాజ్యాంగ సూత్రాల గురించో సుప్రీంకోర్టు పెద్ద తీర్పుల గురించో మాట్లాడటం ఆనవాయితీ. ఆయన ప్రాక్టీసు మాత్రం ఆసాంతం మెజిస్ట్రేటు కోర్టుల్లోనే గడిచింది. సారా కేసులు, పేకాట కేసులు, రోడ్డు పక్కన బండి పెట్టుకున్నవాళ్ళ మీద రాసిన కేసులు, ఇల్లు ఖాళీ చేయమని వచ్చిన నోటీసులు. ఆయన బల్ల మీద పేరుకున్న కట్టలు ఇవే. అటువంటి కేసులతోనే బతికి, ఎనిమిదేళ్ళకే మూతపడిన ఒక చిన్న ఫర్మ్ చరిత్ర ఆయన పేరు మీద చెప్పడం సముచితమని నాకు అనిపించింది. ఆ ఫర్మ్ పేరు మండేలా అండ్ టాంబో. ఊరు దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్. తెరిచిన సంవత్సరం 1952.

నెల్సన్ మండేలా అనగానే మనకు ఇరవయ్యేడేళ్ళ జైలు గుర్తొస్తుంది, ఆ తర్వాత దేశాధ్యక్ష పదవి. పొద్దున ఒక కోర్టు, మధ్యాహ్నం ఇంకో కోర్టు, సాయంత్రం ఆఫీసులో పార్టీలు, ఇలా బతికిన వకీలు ఆయన అన్నది చాలామందికి తట్టదు. ఆలివర్ టాంబో పేరు తెలిసినవాళ్ళు ఇంకా తక్కువ. వాళ్ళ రాజకీయాల మీద పుస్తకాలు చాలా వచ్చాయి. వాళ్ళ వకాలతును మాత్రం మన వృత్తిలో ఉన్నవాళ్ళమే శ్రద్ధగా చదవాలి. నా దృష్టిలో ఆ ఇద్దరినీ నాయకులుగా తయారుచేసినవాళ్ళలో ఆ ఆఫీసు ముందుగదిలో కూర్చున్న జనం ముఖ్యులు.

టాంబో 1917లో పోండోలాండ్‌లోని బిజానా దగ్గర పుట్టాడు. మండేలా ఆ మరుసటి ఏడు ట్రాన్స్‌కైలోని మ్వేజో అనే పల్లెలో పుట్టాడు. ఇద్దరూ ఫోర్ట్ హేర్ కాలేజీలో చదివారు. విద్యార్థుల తరఫున నిలబడి ఇద్దరూ ఆ కాలేజీకి దూరమయ్యారు, మండేలా 1940లో, టాంబో 1942లో. అప్పటికే టాంబో చేతిలో భౌతికశాస్త్రం, గణితం చదివిన డిగ్రీ ఉంది. తాను చదువుకున్న జొహానెస్‌బర్గ్ సెయింట్ పీటర్స్ స్కూల్లోనే లెక్కలు, సైన్సు చెప్పే పంతులుగా చేరాడు. లెక్కల మాస్టారి ఆ క్రమశిక్షణ తర్వాత ఆయన రాసిన ప్రతి ప్లీడింగులోనూ కనిపించేదంటే నేను నమ్ముతాను.

మండేలా 1941లో జొహానెస్‌బర్గ్ చేరాడు. కొద్దిరోజులు గని దగ్గర కాపలా పని చేశాడు. ఆ ఊళ్ళో ఇళ్ళ స్థలాల వ్యాపారం చేసే వాల్టర్ సిసులూ ఆయన్ను లాజర్ సిడెల్‌స్కీ అనే యూదు అటార్నీ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. అప్పట్లో ఆ దేశంలో వృత్తి రెండు పాయలు. పార్టీతో నేరుగా మాట్లాడి, కాగితాలు తయారుచేసి, కింది కోర్టుల్లో వాదించేవాడు అటార్నీ. పై కోర్టుల్లో వాదించేవాడు అడ్వొకేటు. అటార్నీ కావాలంటే ఏదో ఒక ఫర్మ్‌లో ఆర్టికల్డ్ క్లర్కుగా కొన్నేళ్ళు పని నేర్చుకోవాలి. అలా చేర్చుకున్నందుకు ఫర్మ్‌కు ఎదురు డబ్బు కట్టడం అప్పటి రివాజు. సిసులూ మీద గౌరవంతో సిడెల్‌స్కీ ఆ డబ్బు వద్దన్నాడు. తన పాత సూటు ఒకటి ఇచ్చాడు. మండేలా దాన్ని అతుకులు వేయించుకుంటూ దాదాపు ఐదేళ్ళు తొడుక్కున్నాడు. నల్లవాళ్ళను క్లర్కులుగా తీసుకునే తెల్ల ఫర్మ్‌లు అప్పట్లో చాలా అరుదు. ఆ ఫర్మ్‌లోనూ మండేలాకూ, అక్కడే పనిచేసే గౌర్ రాదేబే అనే మరో ఆఫ్రికన్‌కూ టీ తాగడానికి విడిగా కొత్త కప్పులు కొన్నారు. రాదేబే వాటిని పక్కనపెట్టి అందరూ తాగే పాత కప్పే తీసుకున్నాడు. కొత్తగా చేరిన మండేలా ఎటూ తేల్చుకోలేక దాహం లేదన్నాడు. మన పల్లెల్లో టీ కొట్ల ముందు రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

మండేలా చదువు గురించి కూడా జూనియర్లు తెలుసుకోవాలి. దూరవిద్యలో బీఏ ముగించి, 1943లో విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయంలో లాలో చేరాడు. ఆ లా విభాగంలో ఆయనొక్కడే ఆఫ్రికన్. చివరి సంవత్సరం పరీక్షలు ఆయన దాటలేకపోయాడు. డిగ్రీ లేకుండానే అటార్నీల అర్హత పరీక్ష రాసి వృత్తిలోకి వచ్చాడు. ఎల్ఎల్‌బీ పట్టా చేతికొచ్చింది 1989లో, ఖైదీగా ఉండగా, డెబ్భయ్యేళ్ళ వయసులో. టాంబో కూడా స్కూలు ఉద్యోగం వదిలి, ఒక తెల్ల ఫర్మ్‌లో ఆర్టికల్స్ చేసి అటార్నీ అయ్యాడు.

1952 ఆగస్టులో మండేలా సొంత ఆఫీసు తెరిచాడు. కొద్ది నెలల్లో టాంబో వచ్చి కలిశాడు. ఫాక్స్ వీధిలో చాన్సలర్ హౌస్ అనే భవనంలో వాళ్ళ గదులు. వీధి దాటితే మెజిస్ట్రేటు కోర్టు. భవనం యజమానులు భారతీయులు. నగరం నడిబొడ్డున ఆఫ్రికన్లకు గది అద్దెకు దొరికే అతికొద్ది చోట్లలో అదొకటి. ఆఫ్రికన్ వకీళ్ళు అంతకుముందు లేకపోలేదు. ఆల్‌ఫ్రెడ్ మంగేనా, పిక్స్‌లీ సెమె ముందు తరంవాళ్ళు. కానీ 1950లలో ఆ దేశం మొత్తం మీద ఆఫ్రికన్లు నడిపిన ఫర్మ్ ఇదొక్కటే. మండేలా అంతకుముందు పనిచేసిన ఒక ఫర్మ్‌లో తెల్ల సెక్రటరీ నల్లవాడు చెప్పింది నేను టైపు చేయనని మొరాయిస్తే, ఆ స్థానంలోకి వచ్చిన అమ్మాయి జుబేదా పటేల్. కొత్త ఆఫీసులో మొదటి సెక్రటరీ ఆమే. టైపిస్టుగా చేరిన రూత్ మొంపాటి తర్వాత స్వతంత్ర దక్షిణాఫ్రికా తరఫున రాయబారిగా వెళ్ళింది.

ఇక ఆ ముందుగది. టాంబో తర్వాతి రోజుల్లో రాసుకున్నదాన్ని బట్టి, పొద్దున్నే తమ బల్లల దగ్గరికి చేరాలంటే కుర్చీలు నిండి వరండాలోకి పొంగిన జనం మధ్యనుంచి దారి చేసుకుని వెళ్ళవలసి వచ్చేది. ఎవరు వాళ్ళు? అది తెలియాలంటే అప్పటి చట్టాలు తెలియాలి.

1952లోనే అక్కడ 'పాసుల రద్దు' అనే పేరు తగిలించుకున్న చట్టం వచ్చింది. రద్దయింది పాత పాసు కాగితాలు మాత్రమే. వాటన్నిటి బదులు ఒకే పుస్తకం పెట్టారు. పదహారేళ్ళు నిండిన ఆఫ్రికన్ దాన్ని ఎప్పుడూ ఒంటిమీద ఉంచుకోవాలి. అడిగినచోట చూపించలేకపోతే నేరం. అదే ఏడు నగర ప్రాంతాల చట్టంలో పదో సెక్షన్ సవరించారు. ఆ ఊళ్ళో పుట్టినవాడో, పదిహేనేళ్ళు ఎడతెగకుండా నివసించినవాడో, ఒకే యజమాని దగ్గర పదేళ్ళు పనిచేసినవాడో కాకపోతే, అనుమతి లేకుండా 72 గంటలకు మించి నగరంలో ఉండకూడదు. పుస్తకంలో యజమాని సంతకం ఒక నెల పడకపోతే కేసు. రాత్రి పొద్దుపోయాక వీధిలో కనిపిస్తే కేసు. తెల్లవాళ్ళ తలుపు గుండా లోపలికి వెళితే కేసు, తెల్లవాళ్ళ బస్సు ఎక్కితే కేసు. ఇంట్లో జొన్న బీరు కాచుకున్న ముసలమ్మ మీద కేసు. ఆఫ్రికన్లకు దుకాణంలో సారాయి అమ్మడం నిషేధం, ఇంట్లో కాయడమూ నిషేధమే. భర్త పోయిన ఆడమనిషికి ఆ బీరు అమ్మకమే జీవనాధారం. తరతరాలుగా దున్నుకున్న నేలమీదనుంచి వెళ్ళగొట్టిన రైతులు, పట్టణంలో ఇల్లు కూల్చేస్తామన్న నోటీసు పట్టుకొచ్చిన కాపురస్తులు కూడా ఆ వరసలో ఉండేవారు.

ఈ కేసుల్లో చాలావాటిలో గెలుపు ఉండదు. పాసు లేనివాడికి పాసు ఉందని ఏ వకీలూ నిరూపించలేడు. మరి ఈ జనం ఎందుకు వచ్చారు? తమ మాట వినే మనిషి కావాలి. కోర్టులో తమ పేరు సరిగ్గా పలికే మనిషి కావాలి. పోలీసు చెప్పిన ప్రతిమాటకూ తలూపకుండా ఒక ప్రశ్న వేసే మనిషి కావాలి. నలభయ్యేళ్ళుగా మెజిస్ట్రేటు కోర్టు చూస్తున్నవాడిగా చెబుతున్నాను, ముద్దాయికి ఆ ఒక్క ప్రశ్న ఎంత ధైర్యమో బెంచి మీద ఉన్నవాళ్ళకు అందదు.

భాగస్వాములు ఇద్దరి స్వభావాలు పూర్తిగా వేరు. మండేలా ఆరడుగుల పైన మనిషి, దర్జీ దగ్గర ప్రత్యేకంగా కుట్టించుకున్న సూటులో వచ్చేవాడు. ఆయన కేసు ఉందంటే కోర్టు గది నిండేది. ఒకసారి ఒక పనిమనిషి మీద యజమానురాలి బట్టలు దొంగిలించిందని కేసు. స్వాధీనం చేసుకున్న బట్టలన్నీ బల్ల మీద పరిచారు. మండేలా వాటిలోంచి ఒక లోదుస్తును పెన్సిలు కొసతో పైకెత్తి, అమ్మా ఇది మీదేనా అని అడిగాడు. సిగ్గుతో ఆమె కాదంది. మిగతా సాక్ష్యంలోని లొసుగులు కూడా కలిసి కేసు కొట్టేశారు. నల్ల వకీలు అడిగే ప్రశ్నలకు జవాబివ్వనని మొండికేసిన తెల్ల సాక్షులూ ఉండేవారు. అలాంటప్పుడు కొందరు మెజిస్ట్రేట్లు సాక్షిని మందలించడం మాని, అవే ప్రశ్నలు తామే అడిగేవారు.

టాంబో అందుకు భిన్నం. నెమ్మది మనిషి, దైవభక్తి ఎక్కువ, చర్చిలో పూజారి కావాలని కోరుకున్నవాడు. ఆఫీసులో డ్రాఫ్టింగు, సివిల్ దావాలు, మండేలా లేని రోజుల్లో ఆఫీసు మొత్తం ఆయనే చూసేవాడు. ఫర్మ్ అన్నాక జనం ఎదుట మాట్లాడేవాడికి పేరొస్తుంది, దీపం ముట్టించుకుని ఫైలు చదివేవాడికి రాదు. ఈ ఫర్మ్ ఎనిమిదేళ్ళు నడవడానికి టాంబో బల్లే ఎక్కువ కారణమని నా నిశ్చితాభిప్రాయం.

జాతి ముద్రల చట్టం ఎంత దారుణమో చెప్పడానికి మండేలా తన ఆత్మకథలో రాసిన ఒక కేసు చాలు. రెండో ప్రపంచయుద్ధంలో దక్షిణాఫ్రికా సైన్యంలో పోరాడి వచ్చిన ఒక మిశ్రమజాతి మనిషిని 1950 నాటి జనాభా నమోదు చట్టం కింద ఆఫ్రికన్ అని రాసేశారు. ఆ ఒక్క మాటతో అతను ఉండే చోటు, చేసే పని అన్నీ మారిపోతాయి. అప్పీలు వేశారు. తయారుచేసుకొచ్చిన సాక్ష్యాధారాలను మెజిస్ట్రేటు పట్టించుకోలేదు. అతన్ని వెనక్కి తిరగమన్నాడు. భుజాల వాలు చూశాడు. భుజాలు బాగా కిందికి జారి ఉన్నాయి కాబట్టి మిశ్రమజాతేనని తేల్చి అప్పీలు అంగీకరించాడు. వకీలు గెలిచిన కేసు ఇది. ఏ వకీలూ చెప్పుకోవడానికి ఇష్టపడని గెలుపు.

ఈ ఫర్మ్‌ను మూయించడానికి ప్రభుత్వం ఏం చేసిందన్నది మనం నిదానంగా చూడవలసిన భాగం. వృత్తిలో తప్పు చేశారని ఎవరూ నిరూపించలేకపోయారు. అందుకని వృత్తి చుట్టూ ఉన్న ప్రతిదాన్నీ పట్టుకున్నారు.

మొదట సనదు. 1952 జూన్ 26న మొదలైన ధిక్కార ఉద్యమంలో ఎనిమిదివేల మందికి పైగా అన్యాయపు చట్టాలను కావాలని ఉల్లంఘించి జైలుకెళ్ళారు. ఆ వలంటీర్లకు ముఖ్యుడు మండేలా. వాళ్ళిద్దరి పార్టీ అయిన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌తో పాటు భారతీయుల కాంగ్రెస్ కూడా ఆ ఉద్యమంలో భుజం కలిపింది. 1860లో మద్రాసు నుంచి మొదటి కూలీల ఓడ నటాల్ చేరిన నాటినుంచి అక్కడ స్థిరపడ్డ తమిళ, తెలుగు కుటుంబాల వారసులు ఆ భారతీయ సమాజంలో ఉన్నారు. ఆ ఏడాది డిసెంబరులో కమ్యూనిజం అణచివేత చట్టం కింద మండేలాకు తొమ్మిది నెలల శిక్ష పడింది, అమలు నిలిపివేశారు. దాన్ని పట్టుకుని ట్రాన్స్‌వాల్ లా సొసైటీ 1954లో ఆయన పేరు అటార్నీల జాబితా నుంచి కొట్టేయమని కోర్టుకెళ్ళింది. అప్పుడు జొహానెస్‌బర్గ్ బార్‌కు అధ్యక్షుడైన వాల్టర్ పొలాక్ అనే సీనియర్ ఒక్క పైసా తీసుకోకుండా మండేలా తరఫున వాదించాడు. జడ్జి రామ్స్‌బాటమ్ ఆ దరఖాస్తు కొట్టేశాడు. రాజకీయ విశ్వాసం కోసం చట్టాన్ని ఉల్లంఘించినంత మాత్రాన ఆ మనిషి శీలంలో మచ్చ ఉన్నట్టు కాదన్నది తీర్పు సారం. ఖర్చులు లా సొసైటీయే కట్టుకోవాలన్నాడు. గాంధీ గారికి రాజద్రోహం కేసులో శిక్ష పడినప్పుడు, 1922లో, ఇన్నర్ టెంపుల్ ఆయన పేరు కొట్టేసిన సంగతి మనకు తెలుసు. అదే గాంధీ గారు మండేలా కేసుకు అర్ధశతాబ్దం ముందు ఇదే జొహానెస్‌బర్గ్‌లో, రిసిక్ వీధి మూలన, కోర్టుల పక్కనే ఆఫీసు పెట్టుకుని అటార్నీగా ప్రాక్టీసు చేశారు. వర్ణవివక్ష రాజ్యంలో ఒక జడ్జి 1954లో ఇచ్చిన తీర్పు లండన్ పెద్దలు 1922లో తీసుకున్న నిర్ణయం కంటే గొప్పదని నేనంటాను.

సనదు పోలేదు కాబట్టి తర్వాత గది. నగరంలో వ్యాపారానికి చోటు వాడుకోవాలంటే ఆఫ్రికన్లకు మంత్రి అనుమతి కావాలన్నారు. అడిగితే కొంతకాలానికి మాత్రమే ఇచ్చి, గడువు తీరాక మళ్ళీ ఇవ్వలేదు. ఊరికి మైళ్ళ దూరంలో ఉన్న ఆఫ్రికన్ వాడకు ఆఫీసు మార్చుకోమన్నారు. పార్టీలు పని మానుకుని అక్కడికి రాలేరు. అంటే ప్రాక్టీసు ఎత్తేయమనే. ఇద్దరూ కదల్లేదు. ఖాళీ చేయించే నోటీసు ఎప్పుడు వస్తుందో తెలియకుండానే ఆ గదుల్లో పని చేశారు. తమ పార్టీల మీద ఉన్న కేసే తమ మీదా ఉన్నట్టయింది.

ఆ తర్వాత కోర్టు గదిలోని బల్ల. గాడ్‌ఫ్రీ పిట్జే అంతకుముందు ఫోర్ట్ హేర్‌లో అధ్యాపకుడు, ఈ ఫర్మ్‌లో ఆర్టికల్డ్ క్లర్కు. జొహానెస్‌బర్గ్ పక్కనున్న బోక్స్‌బర్గ్ మెజిస్ట్రేటు కోర్టులో తెల్ల వకీళ్ళకు ఒక బల్ల, నల్ల వకీళ్ళకు వేరే బల్ల వేశారు. పిట్జే వేరే బల్ల దగ్గరికి వెళ్ళనన్నాడు. కోర్టు ధిక్కారం కింద జరిమానా వేశారు. అప్పీలు దేశంలోని అత్యున్నత కోర్టు దాకా వెళ్ళింది. 1960లో ప్రధాన న్యాయమూర్తి స్టెయిన్ ఆ శిక్షను ఖాయం చేశాడు. ఆ బల్ల దగ్గరనుంచి కూడా పార్టీ తరఫున అంతే బాగా వాదించవచ్చు కదా, కోర్టులో ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పే అధికారం మెజిస్ట్రేటుకు ఉంది కదా అన్నది ఆయన తర్కం. జూనియర్లు ఈ తీర్పు వెతికి చదవండి. రామ్స్‌బాటమ్ తీర్పు పక్కన పెట్టుకుని చదవండి. ఆరేళ్ళలో ఒక దేశపు న్యాయవ్యవస్థ ఎంత కిందికి జారిందో తెలుస్తుంది.

1956 డిసెంబరు 5 తెల్లవారుజామున పోలీసులు మండేలాను తీసుకెళ్ళారు. రాజద్రోహం కేసులో ముద్దాయిలు మొత్తం 156 మంది. ఫర్మ్ భాగస్వాములు ఇద్దరూ ముద్దాయిలే. ఏడాది తర్వాత టాంబోతో సహా 61 మంది మీద అభియోగాలు వదిలేశారు. మండేలా మీద కేసు నాలుగేళ్ళకు పైగా నడిచింది. 1958 ఆగస్టు నుంచి విచారణ ప్రిటోరియాకు మార్చారు. పగలంతా అక్కడ ముద్దాయి బోనులో కూర్చుని, సాయంత్రం జొహానెస్‌బర్గ్ వచ్చి పార్టీల ఫైళ్ళు చూసుకునేవాడు. అలా ఏ ప్రాక్టీసు నిలుస్తుంది? పార్టీలు తగ్గారు, రాబడి పోయింది, అప్పులు మిగిలాయి.

1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పాసు చట్టాలకు ఎదురుతిరిగిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపి 69 మందిని చంపారు. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ ఆదేశం మీద టాంబో ఆరు రోజుల్లోనే సరిహద్దు దాటి వెళ్ళిపోయాడు. తిరిగి స్వదేశంలో అడుగుపెట్టింది ముప్పయ్యేళ్ళ తర్వాత, 1990 డిసెంబరులో. అత్యవసర పరిస్థితి కింద మండేలాను నిర్బంధించారు. ఫర్మ్ లెక్కలు తేల్చి మూసేయడానికి వారాంతాల్లో ఆయన్ను జొహానెస్‌బర్గ్ తీసుకురావడానికి అనుమతి దొరికింది. ఒక పోలీసు సార్జెంటు కారులో తెచ్చి, మళ్ళీ జైల్లో దింపేవాడు. అన్ని వందలమంది తరఫున నిలబడిన ఫర్మ్ దస్త్రాలను దాని యజమాని ఖైదీగా వచ్చి కట్టలు కట్టాడు. విడుదలయ్యాక కూడా ఆయన ప్రాక్టీసు మానలేదు. అహ్మద్ కథ్రాడా అనే మిత్రుడి చిన్న ఫ్లాట్‌లో, ఖొల్వాద్ హౌస్ 13వ నంబరులో పార్టీలను కలిసేవాడు. జనం ఎక్కువై ఇంటివాడు వంటగదిలో తలదాచుకోవలసి వచ్చేది. 1961 మార్చి 29న రాజద్రోహం కేసు కొట్టేశారు. ఆ తర్వాత మండేలా అజ్ఞాతంలోకి వెళ్ళాడు. వకీలుగా ఆయన జీవితం అక్కడితో ముగిసింది.

ఆ మీదటి కథ మీకు తెలిసిందే. భాగస్వాములిద్దరూ మళ్ళీ కలుసుకున్నది 1990 మార్చిలో, స్టాక్‌హోమ్‌లో. టాంబో అప్పటికి పక్షవాతం దెబ్బతో అక్కడ చికిత్సలో ఉన్నాడు. 1993 ఏప్రిల్‌లో, తాను జీవితమంతా ఎదురుచూసిన ఎన్నికకు ఏడాది ముందు, ఆయన చనిపోయాడు.

అన్యాయపు చట్టాలు నడిపే కోర్టులో వాదించడమంటే ఆ కోర్టుకు మర్యాద ఇచ్చినట్టే కదా అని ఆ రోజుల్లోనూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. ఆ ప్రశ్నకు బరువుంది. కానీ ముందుగదిలో కూర్చున్న ముసలమ్మకు అది జవాబు కాదు. రేపు పొద్దున ఆమెకు వాయిదా ఉంది. మండేలా, టాంబో ఆ వాయిదాకు వెళ్ళారు, అదే సమయంలో ఆ చట్టాన్ని కూల్చే ఉద్యమమూ నడిపారు. ఒకటి చేస్తూ రెండోది మానలేదు. మన దగ్గర పౌరహక్కుల వకీలు కన్నబిరాన్ గారు, కారంచేడు దళితుల హత్యల తర్వాత ప్రభుత్వ న్యాయవాది పదవి వదులుకున్న బొజ్జా తారకం గారు అదే పద్ధతిలో బతికారు. ఆ మార్గం సరైనదని నేను నమ్ముతున్నాను.

చివరగా ఈ బార్‌లోని సీనియర్లకు ఒక విన్నపం. సిడెల్‌స్కీ ఆ రోజు ఫీజు వద్దనకపోతే మండేలా వకీలయ్యేవాడు కాదేమో. మన కోర్టు ఆవరణలో ఇవాళ ఇంట్లో వకీలు లేని కుటుంబాలనుంచి వచ్చిన పిల్లలు, దళిత, ఆదివాసీ ఇళ్ళనుంచి వచ్చిన పిల్లలు, బస్సు చార్జీలకు తడుముకుంటూ సీనియర్ల వెంట తిరుగుతున్నారు. ఆడపిల్లలు మొదటి రెండేళ్ళలోనే వృత్తి వదిలేస్తున్నారు. జూనియర్లకు నెలకు పట్టణాల్లో కనీసం 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది. అది సూచన మాత్రమే, ఎవరూ బలవంతపెట్టరు. మన బార్ దాన్ని తనంతట తానే తీర్మానం చేసి అమలు చేయాలి. మా సీనియర్ గారి పేరిట వచ్చే ఏడాది ఉపన్యాసం పెట్టేలోగా, ఈ హాల్లో ఉన్న ప్రతి సీనియరూ అటువంటి ఒక్క జూనియర్‌ను జీతమిచ్చి తన ఆఫీసులో చేర్చుకోవాలని చేతులు జోడించి అడుగుతున్నాను.